నీ ఓపీటీలో ఎన్ని మార్చి నెలలు పడతాయి?

ప్రశ్న: అక్కా, నేను బీకామ్ చేసి, రెండేళ్లు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేసి, 2025 ఆగస్టులో అమెరికా వచ్చాను. మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ అకౌంటింగ్ చదువుతున్నాను, 2026 డిసెంబర్‌కి అయిపోతుంది. నాకు ఆడిట్ అంటే ఇష్టం. ఇప్పటికి 43 అప్లికేషన్లు పెట్టాను. వర్క్ వీసాకి స్పాన్సర్‌షిప్ కావాలా అన్నచోట 'అవును' అని పెట్టగానే రెండు రోజుల్లో సారీ అని మెయిల్ వచ్చేస్తోంది. రూమ్మేట్స్ 'కాదు' అని పెట్టెయ్, ఆఫర్ వచ్చాక చూసుకోవచ్చు అంటున్నారు. ఇంకొందరు అకౌంటింగ్ వదిలేసి డేటా వైపు వెళ్లిపొమ్మంటున్నారు. నాన్న లోన్ తీసి పంపించారు, రాత్రుళ్లు ఆ టెన్షన్‌తోనే నిద్ర పట్టడం లేదు. పబ్లిక్ అకౌంటింగ్‌లో నాలాంటి వాళ్లకి నిజంగా చోటుందా?

సమాధానం:

చెల్లీ,

చోటుంది. నేనూ నీలాగే ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చి, అదే ప్రశ్నకి అదే 'అవును' పెట్టి, ఒక మధ్యస్థాయి ఫర్మ్‌లో ఆడిట్ అసోసియేట్‌గా చేరిన దాన్ని. ఇప్పుడు మేనేజర్‌ని, మా టీమ్‌కి వచ్చే రెజ్యూమేలు నేనే చూస్తాను. అందుకే నీ ఉత్తరం చదివినప్పుడు నీ చదువు గురించో ఇంగ్లిష్ గురించో నాకు బెంగ కలగలేదు. బెంగంతా ఎక్కడొచ్చిందంటే, ఇంత ఉత్తరంలో నీ వీసా తేదీల గురించి ఒక్క ముక్క లేదు. నీ పక్క సీట్లో కూర్చునే అమెరికన్ అమ్మాయి డిగ్రీ, ఉద్యోగం, సీపీఏ (ఇక్కడ అకౌంటెంట్లకిచ్చే లైసెన్స్) ఏ వరసలో చేసుకున్నా నడుస్తుంది. నీకు నడవదు. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరాక తీరిగ్గా చేసుకునే పనులు నువ్వు చేరకముందే చేసి పెట్టుకోవాలి. నేను చెప్పేదంతా దీని చుట్టూనే ఉంటుంది.

ముందు ఆ 'కాదు' సంగతి తేల్చేద్దాం. అప్లికేషన్‌లో రెండు ప్రశ్నలుంటాయి, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. అమెరికాలో పనిచేయడానికి చట్టప్రకారం అనుమతి ఉందా అనేది మొదటిది. చేరే రోజుకి నీ చేతిలో ఓపీటీ కార్డు (చదువు అయ్యాక కొంతకాలం పనిచేయడానికి ఎఫ్-1 వాళ్లకిచ్చే అనుమతి) ఉంటుంది కాబట్టి దానికి 'ఉంది' అని పెట్టొచ్చు, అందులో అబద్ధం లేదు. ఇప్పుడు గానీ ముందుముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా అనేది రెండోది, దానికి నీ జవాబు 'అవును' ఒక్కటే. అక్కడ 'కాదు' అని పెడితే చేరిన మొదటి వారమే పని అనుమతి సరిచూసే ఐ-9 ఫారం నింపేటప్పుడు ఓపీటీ కార్డు బయటికొస్తుంది, అప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు నీ అప్లికేషన్ తీసి చూస్తే ఏం చెప్తావు? ఇదేదో మామూలు కంపెనీ అయితే ఎలా ఉండేదో గానీ, మన వృత్తి మొత్తం ఎదుటివాళ్లు రాసిచ్చిన దాన్ని సరిచూసి మన పేరు పెట్టడం మీద నడుస్తోంది. అందులోకి అబద్ధం రాసి అడుగుపెట్టొద్దమ్మా. ఆ సలహా ఇచ్చిన వాళ్లే రేపు కాగితం మీద ఉద్యోగం చూపించే కన్సల్టెన్సీ పేరు కూడా చెప్తారు. పనిలేకుండా పేస్లిప్పులు ఇచ్చే చోటుకి వెళ్లావంటే నీ స్టేటస్సే పోతుంది, దాని తర్వాత ఏ ఫర్మ్ స్పాన్సర్ చేస్తానన్నా ఉపయోగం ఉండదు.

ఇక అసలు విషయం. యూనివర్సిటీ నీకిచ్చిన ఐ-20 పత్రం తీసి చూడు, ఫస్ట్ పేజీలో నీ కోర్సు పేరు పక్కన ఒక కోడ్ ఉంటుంది. 52.0301 అని ఉంటే అది మామూలు అకౌంటింగ్, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేదు, నీకు ఓపీటీ 12 నెలలే. స్టెమ్ జాబితాలో ఉన్న కోడ్ అయితే ఆ 12 నెలల మీద ఇంకో 24 నెలలు, మొత్తం మూడేళ్లు. ఓపీటీ తర్వాత పనిచేయాలంటే కావాల్సిన వర్క్ వీసా హెచ్-1బీ. దానికి ఫర్మ్ నీ పేరు రిజిస్టర్ చేయడం ఏడాదికి ఒక్కసారి, మార్చిలో జరుగుతుంది, ఆ పేర్లలోంచి లాటరీ తీస్తారు. మామూలు కోటాలో 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసిన వాళ్లకి ఇంకో 20,000. పేరు వస్తే ఏప్రిల్ 1 నుంచి పిటిషన్ వేస్తారు, అక్టోబర్ 1 నుంచి హెచ్-1బీ మొదలు. కాబట్టి 12 నెలలా 36 నెలలా అని చూడకు, నీ ఓపీటీ గడువులో ఎన్ని మార్చి నెలలు పడతాయో లెక్కపెట్టు. ఫర్మ్ కూడా నిన్ను చూసి వేసుకునే లెక్క ఇదే.

నీ తేదీలతోనే వేసి చూద్దాం. డిసెంబర్ 18న ప్రోగ్రాం అయిపోయిందనుకో. ఓపీటీ మొదలయ్యే తేదీ నువ్వే ఎంచుకోవచ్చు, కానీ ప్రోగ్రాం అయ్యాక 60 రోజుల్లోపే ఉండాలి. జనవరి మొదట్లో పెట్టుకుంటే 2028 జనవరి మొదట్లో అయిపోతుంది, మధ్యలో 2027 మార్చి ఒక్కటే పడుతుంది, అప్పటికి నువ్వు చేరి రెండు నెలలు. బాగా వెనక్కి జరిపి ఫిబ్రవరి 16 పెట్టుకుంటే 2028 ఫిబ్రవరి 15 వరకు వస్తుంది, ఆ తర్వాత 60 రోజుల గ్రేస్ (దేశంలో ఉండడానికిచ్చే అదనపు గడువు) ఏప్రిల్ 15 వరకు ఉంటుంది. అంటే 2028 మార్చి లాటరీలో పేరు వచ్చి, ఫర్మ్ ఏప్రిల్ మొదటి రెండు వారాల్లో పిటిషన్ వేయగలిగితే రెండో అవకాశం కూడా దక్కుతుంది. గ్రేస్‌లో ఉండగా వేస్తే ఇక్కడ ఉండొచ్చు గానీ పని చేయకూడదు, అది కూడా గుర్తుపెట్టుకో. ఇంకో చిక్కు, ఆడిట్‌లో అసలు పని జనవరి నుంచే, చాలా ఫర్మ్‌లు డిసెంబర్ గ్రాడ్యుయేట్లని జనవరికే రమ్మంటాయి. నన్నడిగితే, వచ్చే మార్చిలోనే రిజిస్టర్ చేస్తామని ఫర్మ్ రాసిస్తే జనవరిలో చేరిపో. అలా రాసివ్వకపోతే ఫిబ్రవరి తేదీ కోసం మాట్లాడు. ఏ తేదీ పెట్టినా ముందు డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) దగ్గర కూర్చుని ఒకసారి సరిచూసుకో, ఓపీటీ అప్లికేషన్ ప్రోగ్రాం అయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచే వేయొచ్చు కాబట్టి సెప్టెంబర్ మూడోవారంలోనే వేసెయ్.

డేటా వైపు వెళ్లిపొమ్మన్న వాళ్ల మాటలో ఒక చిన్న నిజం మాత్రం ఉంది, అది ఈ కోడ్ గురించే. కొన్ని యూనివర్సిటీల్లో అకౌంటింగ్‌లోనే అనలిటిక్స్ ట్రాక్ ఉంటుంది, దానికి స్టెమ్ కోడ్ ఇస్తారు, 30.7102 బిజినెస్ అనలిటిక్స్ గానీ 52.1301 మేనేజ్‌మెంట్ సైన్స్ గానీ. మీ డిపార్ట్‌మెంట్‌లో అలాంటిది ఉందేమో ఈ వారమే అడుగు. డిగ్రీ అయిపోయాక కోడ్ మారదు, అవకముందే ట్రాక్ మారి కొత్త ఐ-20 తీసుకోవాలి. దానివల్ల ఒక సెమిస్టర్ పెరిగినా, లోన్ సంగతి తెలిసే చెప్తున్నాను, నేనైతే మారేదాన్ని. ఒక మార్చికి మూడు మార్చిలకి అంత తేడా ఉంది. కాకపోతే మారే ముందు సీపీఏకి కావాల్సిన ఆడిట్, ట్యాక్స్, ఫైనాన్షియల్ అకౌంటింగ్ క్రెడిట్లు ఆ ట్రాక్‌లో తగ్గిపోతాయేమో చూసుకో. స్టెమ్ పొడిగింపు కావాలంటే నీ ఫర్మ్ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని ఆన్‌లైన్‌లో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం పెట్టాలి, ఇవి కూడా రిక్రూటర్‌ని అడగాల్సినవే.

ఇప్పుడు ఆ లాటరీ కూడా అందరికీ ఒకేలా లేదు. 2026 నుంచి జీతం లెవెల్‌ని (లేబర్ డిపార్ట్‌మెంట్ ఒక్కో ఉద్యోగానికి పెట్టే నాలుగు మెట్లు) బట్టి పేరు ఎక్కువసార్లు వేస్తున్నారు, నాలుగో లెవెల్‌కి నాలుగుసార్లు, మొదటి లెవెల్‌కి ఒక్కసారి. కొత్తగా చేరే అసోసియేట్లు ఎక్కువగా మొదటి రెండు లెవెల్స్‌లోనే ఉంటారు. ఈ లెవెల్ ఊరిని బట్టి కడతారు, న్యూయార్క్‌లో మొదటి లెవెల్‌లో పడే జీతం మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న నగరంలో రెండో లెవెల్‌కి చేరొచ్చు. అందుకే పెద్ద నగరాల ఆఫీసులకే అప్లై చేసి కూర్చోవద్దు. హెచ్-1బీ మీద 2025 సెప్టెంబర్‌లో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు గురించి కూడా నీ ఫ్రెండ్స్ భయపెట్టే ఉంటారు. ఆ అక్టోబర్‌లో ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన వివరణ ప్రకారం, ఇక్కడే ఎఫ్-1 మీద ఉండి స్టేటస్ మార్చుకునే వాళ్లకి అది వర్తించదు. పిటిషన్ నడుస్తుండగా దేశం దాటి వెళ్తే మాత్రం ఆ స్టేటస్ మార్పు దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క, కాబట్టి ఆ నెలల్లో పెళ్లిళ్లకి టికెట్ బుక్ చేసుకోకు.

నీ 43 అప్లికేషన్ల జాబితా నా దగ్గర లేదు గానీ, జాబ్ పోర్టల్‌లో కనపడిన ప్రతిదానికీ పెట్టి ఉంటావని ఊహించగలను, నేనూ మొదట్లో అదే చేశాను. లేబర్ డిపార్ట్‌మెంట్ ప్రతి మూడు నెలలకీ ఎల్‌సీఏ దరఖాస్తుల (హెచ్-1బీకి ముందు కంపెనీ జీతం చూపిస్తూ వేసేవి) ఎక్సెల్ ఫైల్ ఉచితంగా పెడుతుంది. దాన్ని దించుకో. 13-2011 అనేది అకౌంటెంట్లు, ఆడిటర్ల కోడ్, దానితో ఫిల్టర్ పెట్టు, తర్వాత మీ చుట్టుపక్కల నాలుగైదు రాష్ట్రాలు, ఆ తర్వాత కొత్త ఉద్యోగం అనే కాలమ్‌లో సున్నా కానివి. అక్కడ మిగిలిన పేర్లు చూస్తే నీకే తెలుస్తుంది, ఏ ఫర్మ్ ఏ ఊళ్లో ఆడిట్ అసోసియేట్‌కి ఎంత జీతానికి, ఏ లెవెల్‌లో కాగితాలు పెట్టిందో. డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ పేర్లు ఎలాగూ కనపడతాయి, వాటి కింద నువ్వు ఎప్పుడూ వినని ప్రాంతీయ ఫర్మ్‌లు కనపడతాయి చూడు, నా ఉద్యోగం అలాంటి చోటే దొరికింది. పదిహేను మంది ఉండే చిన్న ఫర్మ్‌లు మంచివే, కానీ లాయర్ ఖర్చు, ఈ-వెరిఫై వాళ్లకి కొత్త, అక్కడ నీ టైమ్ పెట్టకు. జాబితా ముప్ఫైకి తగ్గించు, ఒక్కోదానికీ ఆ ఆఫీసులో పనిచేసే మీ యూనివర్సిటీ పాత విద్యార్థిని వెతికి పట్టుకుని పావుగంట ఫోన్‌లో మాట్లాడాకే అప్లై చేయి.

రిక్రూటర్‌తో మాట్లాడేటప్పుడు స్పాన్సర్‌షిప్ మాట చివరిదాకా దాచిపెట్టుకుని భయపడుతూ ఉంటారు మనవాళ్లు. మొదటి ఫోన్‌లోనే అడిగెయ్, కానీ సరిగ్గా అడుగు. "మీరు స్పాన్సర్ చేస్తారా" అని అడిగితే "కొన్ని సందర్భాల్లో" అంటారు, దానితో నీకు ఒరిగేది లేదు. "ఈ ఆఫీసులో ఆడిట్ అసోసియేట్‌ని చేరిన తర్వాత వచ్చే మొదటి మార్చిలోనే రిజిస్టర్ చేస్తారా, లేక ఏడాది పూర్తవ్వాలా" అని అడుగు. నా మొదటి ఫర్మ్‌లో ఏడాది దాటాకే రిజిస్టర్ చేసేవాళ్లు, ఆ సంగతి నాకు చేరిన ఐదో నెలలో తెలిసింది. ఆ రోజు పార్కింగ్‌లో కారులో కూర్చుని ఎంతసేపు ఏడ్చానో. అడిగుంటే ముందే చెప్పేవాళ్లు, ఎవరూ దాచలేదు, నేను అడగలేదు అంతే.

మేలో నీకు ఒక పూర్తి విద్యా సంవత్సరం అవుతుంది కాబట్టి సమ్మర్‌లో సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్ చేయొచ్చు. పెద్ద ఫర్మ్‌లు ఇంటర్న్‌లని ఏడాది, ఏడాదిన్నర ముందే తీసేసుకుంటాయి కాబట్టి అక్కడ దొరక్కపోతే కుంగిపోకు, ప్రాంతీయ ఫర్మ్‌లలో వసంతంలో కూడా ఖాళీలు వస్తుంటాయి. ఫుల్‌టైమ్‌కి సెప్టెంబర్‌లో క్యాంపస్‌కి ఫర్మ్‌లు వచ్చే వారం నీకు అన్నిటికంటే ముఖ్యం, అకౌంటింగ్ విద్యార్థుల సంఘం బీటా ఆల్ఫా సై మీ క్యాంపస్‌లో ఉంటే ఈ సెమిస్టరే చేరు, ఆ మీటింగ్‌లకి పార్ట్‌నర్లు స్వయంగా వస్తారు.

ఇక సీపీఏ. పరీక్షలు నాలుగు, ఒక్కోటి నాలుగు గంటలు, పాస్ మార్కు 75. ఎఫ్‌ఏఆర్ (ఫైనాన్షియల్ అకౌంటింగ్), ఆడిట్, ఆర్‌ఈజీ (ట్యాక్స్, చట్టం) మూడూ అందరికీ తప్పనిసరి, 2024 నుంచి నాలుగోది బీఏఆర్ (బిజినెస్ అనాలిసిస్), ఐఎస్‌సీ (ఐటీ కంట్రోల్స్), టీసీపీ (ట్యాక్స్ ప్లానింగ్) మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఎఫ్‌ఏఆర్ రాసినవాళ్లలో పదిమందికి నలుగురే గట్టెక్కుతారు, అందుకే క్లాసులో చదివింది తడి ఆరకముందే దాన్ని మొదట రాయి, ఈ సమ్మర్‌లోనే. జనవరిలో చేరాక వారానికి 55, 60 గంటలు పని, ఏప్రిల్ దాకా పుస్తకం ముట్టుకోలేవు. చేరేనాటికి రెండు పేపర్లు పాసై ఉన్న స్టూడెంట్ రెజ్యూమే నా చేతికొస్తే నేను దాన్ని పక్కన పెట్టలేను, వీసా ఏదైనా సరే. స్పాన్సర్ చేయడానికి మా పార్ట్‌నర్‌ని ఒప్పించాలంటే నాకూ ఏదో ఒక ఆధారం కావాలి కదా.

కానీ దానికంటే ముందు నీ బీకామ్ లెక్క తేలాలి. ఇక్కడ మనవాళ్లు చాలామంది దెబ్బతింటున్నారు. మూడేళ్ల బీకామ్‌ని సాధారణంగా 90 క్రెడిట్లుగా లెక్కిస్తారు, ఎంఎస్‌తో ఇంకో 30 చిల్లర, అంటే 120 దాటి ఆగిపోతుంది. పాత పద్ధతిలో లైసెన్స్‌కి 150 కావాలి. పరీక్ష రాయడానికి చాలా రాష్ట్రాల్లో 120 చాలు కాబట్టి వాళ్లు హాయిగా నాలుగూ పాసై, చివర్లో లైసెన్స్ దగ్గర ఆగిపోతారు. 150 లేకపోయినా ఎక్కువ అనుభవంతో లైసెన్స్ ఇచ్చేలా ఒహాయో 2025 మొదట్లో చట్టం మార్చింది, ఆ తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారిలో వెళ్తున్నాయి, ఒక్కో రాష్ట్రం షరతు ఒక్కోలా ఉంది. అందుకని నీ మార్కుల జాబితాలు విదేశీ డిగ్రీలని లెక్కకట్టే, నాస్బా (రాష్ట్రాల అకౌంటెన్సీ బోర్డుల సంఘం) వాళ్ల ఎన్‌ఐఈఎస్ లాంటి చోటికి ఇప్పుడే పంపి లెక్క కట్టించుకో, మన యూనివర్సిటీల నుంచి సీల్డ్ కవర్ రావడానికే నెలలు పడుతుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకుండా పరీక్షకి అప్లై చేయనివ్వని రాష్ట్రాలూ ఉన్నాయి, రాష్ట్రం ఎంచుకునేటప్పుడు అదీ చూడు.

చివరిది, నువ్వు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన ఆ రెండేళ్లు. ఆడిటర్ గారి ఆఫీసులో ఏం చేశావో ఎందుకు రాయలేదు? ఏప్రిల్ ఎండల్లో బ్యాంక్ బ్రాంచ్ ఆడిట్‌కి వెళ్లి ఉంటావు, లోన్ ఫైళ్లు ఒక్కోటీ తీసి ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ ఉందా, స్టాక్ స్టేట్‌మెంట్ ఎప్పటిది, మొండి బకాయి కావాల్సింది కాలేదా అని చూసి ఉంటావు. ఇక్కడ నీ క్లాస్‌మేట్స్‌లో ఎక్కువమంది నిజమైన వోచర్ చేత్తో పట్టుకుని ఉండరు. రెజ్యూమేలో "ఆడిట్ పనుల్లో సహాయం చేశాను" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎన్ని ఫైళ్లు చూశావు, ఏది తేడాగా కనపడింది, దాన్ని ఎవరికి చెప్పావు, చివరికి ఏమైంది, అది రాయి.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, నన్ను ఈ ఉద్యోగంలో నిలబెట్టింది అలాంటి ఒక చిన్న విషయమే. మొదటి ఏడాది డిసెంబర్ 31న స్టాక్ కౌంట్‌కి ఒక విడిభాగాల గోడౌన్‌కి పంపారు. లోపల కూడా చలే, చేతికి గ్లవ్స్ ఉంటే పెన్ను పట్టదు, తీస్తే వేళ్లు బిగుసుకుపోతాయి. మా సీనియర్ నాకు రెండు పనులు చెప్పాడు. షీట్ మీద ఉన్నవి తీసుకుని అవి షెల్ఫ్‌లో ఉన్నాయో లేదో చూడు, తర్వాత షెల్ఫ్‌లో నీకు తోచినవి తీసుకుని అవి షీట్ మీదకి ఎక్కాయో లేదో చూడు. రెండో పని చేస్తూ చేస్తూ డాక్ తలుపు దాకా వెళ్లాను. అక్కడ ప్లాస్టిక్ చుట్టిన నాలుగు ప్యాలెట్లు, వాటి మీద కస్టమర్ అడ్రస్‌తో లేబుల్, తేదీ 29. షీట్‌లో చూస్తే అవీ స్టాక్‌లో లెక్కేసి ఉన్నాయి. అమ్మకం రాసేసి ఉంటే అదే సరుకు రెండుచోట్ల లెక్కకి వచ్చినట్టే కదా అని నాకు అనిపించింది. చెప్పాలా వద్దా అని ఐదు నిమిషాలు అక్కడే నిలబడ్డాను, నా యాస అర్థమవుతుందో లేదో, తప్పైతే నవ్వుతారేమో అని. చివరికి ఫోన్‌లో ఆ లేబుల్ ఫోటో తీసి సీనియర్‌కి చూపించి, "ఈ ఇన్‌వాయిస్ ఏ తేదీన రాశారు" అని మాత్రం అడిగాను. 30న రాశారు. ఆ కటాఫ్ (ఏ లావాదేవీ ఏ ఏడాది లెక్కలోకి వస్తుందనే) పాయింట్ మా వర్కింగ్ పేపర్లలో నా ఇనీషియల్స్‌తో ఉంది. ఆ మార్చిలో నా రిజిస్ట్రేషన్ సంగతి పార్ట్‌నర్ దగ్గరికి వెళ్లినప్పుడు, నా తరఫున మాట్లాడింది ఆ సీనియరే. ఏడాది నియమం పక్కనపెట్టి నా పేరు వేశారు.

ఒకవేళ లాటరీలో పేరు రాకపోతే అనే భయం ఉంటుంది, నాకూ ఉండేది. ఈ పెద్ద ఫర్మ్‌ల అమెరికా ఆడిట్, ట్యాక్స్ పనిలో చాలా భాగం హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో జరుగుతోంది, సీపీఏ, ఒక బిజీ సీజన్ అనుభవంతో వెళ్లిన వాళ్లకి అక్కడ ఏ స్థాయిలో చేర్చుకుంటారో ఒకసారి కనుక్కుని ఉంచుకో. నాన్నగారికి కూడా ఆ దారి ఉందని ముందే చెప్పు, ఆయనా నిద్రపోతారు.

ఇవాళ ఐ-20 తీసి కోడ్ చూడు. ఆ నంబరు, నీ ప్రోగ్రాం ఎండ్ డేట్, బీకామ్‌లో ఎన్ని సబ్జెక్టులు చదివావో ఆ జాబితా, ఈ మూడూ రాసి నాకు మళ్లీ పంపు. రెజ్యూమే కూడా పెట్టు, బ్రాంచ్ ఆడిట్ భాగం నువ్వు ముందు రాయి, తర్వాత నేను చూస్తాను.

అక్క